అద్దములో చూచి గీసిన బొమ్మ

వియన్నా నగరములోని ఆల్బర్టీనా చిత్రశాలలో ఒక పాత కాగితమున్నది. దాని ఎత్తు సుమారు 27 సెంటీమీటర్లు. వెడల్పు 20 సెంటీమీటర్లకు లోపు. మన బడిపిల్లల పలక ఎంతయో అదియు ఇంచుమించు అంతే. దానిమీద ఒక బాలుని రూపము నడుము వరకు గీయబడినది. తలమీద కుచ్చు టోపి, భుజములపై వ్రేలాడు జుట్టు, నిండైన చెక్కిళ్ళు, వదులైన చేతులుగల అంగీ. ఒక చేయి చూపుడువ్రేలు చాచి ప్రక్కకు దేనినో చూపుచున్నది. రెండవ చేయి అంగీ మడతలలో మరుగుపడినది. ఈ బాలుడు ఆల్బ్రెహ్ట్ డ్యూరర్. గీసినవాడును అతడే. అది 1484వ సంవత్సరము. అప్పటికి అతనికి పదమూడేండ్లు.

కాగితము పైభాగమున ఒక మూల జర్మన్ భాషలో కొన్ని మాటలు వ్రాయబడి ఉన్నవి. తాను అద్దములో చూచి తన రూపమునే గీసికొన్నట్లు, అది 1484వ సంవత్సరమైనట్లు, అప్పటికి తానింకను పిల్లవాడే అయినట్లు చెప్పి, క్రింద పేరు పెట్టినాడు. ఆ అక్షరములు పిల్లవాని అక్షరములు కావు. బొమ్మను గీసిన చేయియు, ఆ మాట వ్రాసిన చేయియు ఒక్కరివే. కాని ఆ రెండింటి మధ్య ఏండ్లు గడచినవి. ఐరోపా ఖండమంతట పేరు పొందిన చిత్రకారుడొకడు తన బాల్యములో గీసిన బొమ్మను చేతిలోనికి తీసికొని, తేరిపార చూచి, ఒక్క వాక్యము వ్రాసినాడు. ఆ వాక్యములో అతడు ఏమి చెప్పినాడు, ఏమి చెప్పలేదు అనునదే నేటి ప్రసంగ విషయము.

డ్యూరర్ 1471 మే 21వ తేదీన జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరమున జన్మించినాడు. తండ్రి పేరును ఆల్బ్రెహ్టే. ఆయన స్వర్ణకారుడు, హంగరీ దేశము నుండి వచ్చి, 1455లో ఆ నగరము చేరి, హోల్పర్ అను మరియొక స్వర్ణకారుని వద్ద పనిచేసి, 1467లో ఆయన కుమార్తె బార్బరాను పెండ్లాడినాడు. ఆ దంపతులకు పదునెనమండుగురు సంతానము. అందులో పెరిగి పెద్దలై, 1524 నాటికి బ్రతికియున్నవారు ముగ్గురే. మన చిత్రకారునికి జ్ఞానపిత ఆంటన్ కోబెర్గర్. ఆయన స్వర్ణకారవృత్తి విడిచి ముద్రాపకుడై, ఆ కాలపు గొప్ప పుస్తకవ్యాపారులలో ఒకడైనాడు. కుంపటి, పటకారు, మూస ఒకవైపు, అచ్చుయంత్రము మరియొకవైపు. ఈ రెండింటి నడుమ పెరిగిన పిల్లవాడు డ్యూరర్.

తండ్రి అతనిని బడికి పంపినాడు. చదువను, వ్రాయను వచ్చిన పిమ్మట బడి మాన్పించి తన పనిలో పెట్టుకొన్నాడు. ఈ బొమ్మ గీచునాటికి బాలుడు ఆ దుకాణములో పని నేర్చుకొనుచున్నాడు. బంగారు పనివానికి గీత రానిదే పని సాగదు. గిన్నెకు అంచు చెక్కవలెనన్నను, పతకముపై ప్రతిమ దిద్దవలెనన్నను ముందు నమూనా గీయవలెను. కాబట్టి ఆ ఇంట గీత అనునది వినోదము కాదు. అది అన్నము పెట్టు విద్యలో ఒక భాగము.

ఆ బొమ్మ గీచుటకు అతడు వాడినది సీసపుకడ్డీ కాదు, సిరా కాదు. అది వెండి మొన గల కడ్డీ. దానిని మన మాటలో వెండి గంటము అనవచ్చును. వట్టి కాగితముపై వెండి గీత పడదు. ముందుగా కాగితమునకు ఎముకల బూడిదయో సుద్దయో జిగురులో కలిపి పలుచగా పూత పూయవలెను. ఆరిన పిమ్మట ఆ గరుకు పూతమీద వెండిమొన నడిచినచో, వెండి కణములు కొన్ని అంటుకొని సన్నని బూడిదరంగు గీత ఏర్పడును. కొంతకాలమునకు గాలి సోకి ఆ వెండి నలుపెక్కి, గీత గోధుమరంగునకు తిరుగును. ఎంత గట్టిగా నొక్కినను ఆ గీత బాగుగా ముదురదు. నీడలు కావలెనన్న సన్నని గీతలను ప్రక్కప్రక్కన ఓపికతో పేర్చుకొనవలసినదే. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. పడిన గీతను చెరుపుట అసాధ్యమనియే చెప్పవలెను.

ఇటలీ దేశపు చిత్రకారుడు చెన్నీనో చెన్నీని, 1400 ప్రాంతమున చిత్రకళపై వ్రాసిన గ్రంథములో, క్రొత్తగా నేర్చుకొనువారు ఎముకపొడి పూసిన చెక్కపలకమీద వెండి కడ్డీతో మొదలుపెట్టవలెనని చెప్పినాడు. చేయి తేలికపడుటకు, కన్ను నిదానించుటకు అది మంచి సాధన. మన పిల్లలు పలకమీద గీసి తడిగుడ్డతో తుడిచివేయుదురు. తాటియాకుపై గంటముతో వ్రాసిన వ్రాయసకానికి ఆ సౌకర్యము లేదు. న్యూరెంబర్గ్ బాలుని పనియు ఈ రెండవ తెగకు చెందినదే. అతడు చేసిన తప్పులు, అతడు చేసిన ఒప్పులతో పాటు, ఐదువందల సంవత్సరములకు పైగా ఆ కాగితముపై నిలిచియున్నవి.

తప్పులు లేకపోలేదు. తనను తాను అద్దములో చూచి గీయుట ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించిన వారికెల్ల తెలియును. ఆ రోజులలోని అద్దములు సాధారణముగా చిన్నవి. ఊదిన గాజుతో చేసినవి గనుక ఉబ్బెత్తుగా ఉండి రూపమును కొంత వంకర చేయునవి. పైగా గీయు చేయి కదలుచుండును. కదలు చేతిని చూచి గీయుట కుదరదు. అందువల్లనే కాబోలు ఆ బాలుడు ఒక చేతిని అంగీలో దాచివేసినాడు. కన్నుల సంగతి మరింత చిక్కు. అద్దములో తన కంటిని తాను చూచుకొనువాని చూపు చూపరి ముఖము మీదికే రావలెను. కాని ఈ బొమ్మలోని బాలుడు మనవంక చూడడు. అతని చూపు ప్రక్కకు, తన వ్రేలు చూపిన దిక్కుగా పోవుచున్నది. ముఖము, ముక్కు, పెదవి ఎంతో సుకుమారముగా కుదిరినవి. వ్రేళ్ళ పొడవులో, అంగీలోపలి దేహపు పట్టులో మాత్రము ఇంకను నేర్వవలసినది మిగిలియున్నట్లు తెలియుచున్నది. మడతలు అంగీవే గాని, వాటి క్రింద భుజము ఎచ్చట ఉన్నదో పిల్లవానికి నిశ్చయముగా తెలియదు.

ఈ బొమ్మకు రెండేండ్ల తరువాత ఆ ఇంట ఒక పెద్ద సంఘటన జరిగినది. డ్యూరర్ 1524లో తన కుటుంబచరిత్రను వ్రాసి ఉంచినాడు. అందులో ఈ సంగతి చెప్పినాడు. బంగారుపని చక్కగా చేయగల దశకు వచ్చిన పిమ్మట తన మనస్సు చిత్రకళ వైపునకే లాగినదట. ఆ మాట తండ్రితో చెప్పగా ఆయనకు నచ్చలేదు. తన వృత్తి నేర్పుటకు వెచ్చించిన కాలమంతయు వ్యర్థమైనదే అని ఆయన చింతించినాడు. అయినను కుమారుని కోరిక త్రోసివేయక, 1486 నవంబరు 30వ తేదీన, మిహాయెల్ వోల్గెముట్ అను చిత్రకారుని వద్ద మూడేండ్ల శిష్యరికమునకు ఒప్పజెప్పినాడు. ఆ తండ్రి చింతను మనము చులకనగా చూడరాదు. కుమారుడు వృత్తి విడిచినాడన్న, ఒక దుకాణమునకు వారసుడు తప్పిపోయినట్లే. పెక్కుమంది బిడ్డలను మట్టిలో కలిపిన ఇంటిలో అది చిన్న సంగతి కాదు.

ఆ దృష్టితో చూచినప్పుడు 1484 నాటి ఈ కాగితమునకు మరియొక విలువ కలుగుచున్నది. ఇది చిత్రకారుడు గీసిన బొమ్మ కాదు. చిత్రకారుడు కావలెనని ఇంకను ఎవ్వరితోను చెప్పని కంసాలి పిల్లవాడు గీసిన బొమ్మ. ఆభరణమునకు నమూనా కాదు, దేవతామూర్తి కాదు, అడిగినవారు లేరు, కొనువారు లేరు. తన ముఖము ఎట్లున్నదో చూడవలెనని మాత్రమే గీసినది. ఐరోపాలో నేటికి నిలిచియున్న స్వీయరూప రేఖాచిత్రములలో ఇంత పాతవి అతి కొద్ది.

తరువాతి కథ లోకవిదితము. వోల్గెముట్ శిష్యరికము ముగియగానే దేశాటనము. 1493లో గీసిన ఒక కాగితము న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది. దానిమీద కలముతో తన ముఖము, తన చేయి, ఒక తలగడ గీసినాడు. అప్పటికి అతనికి ఇరువదిరెండేండ్లు. ఈసారి చూపు ప్రక్కకు పోలేదు. నేరుగా మన కన్నులలోనికి చూచుచున్నాడు. చేయి దాచబడలేదు, ముఖము ప్రక్కనే విడిగా, పెద్దగా గీయబడినది. తొమ్మిదేండ్ల క్రిందట ఏ రెండింటిని తప్పించుకొన్నాడో ఆ రెండింటినే ఇప్పుడు ఎదురుగా పెట్టుకొని సాధించినాడు. 1498లో వేసిన వర్ణచిత్రము మాద్రిద్ నగరములో ఉన్నది. 1500లో, ఇరువది ఎనిమిదేండ్ల వయస్సున, పూర్తిగా ఎదురు ముఖముతో వేసికొన్న చిత్రము మ్యూనిక్‌లో ఉన్నది.

మానవదేహమును గీయుట అతనికి జీవితమంతయు తీరని ప్రశ్న. యువకుడుగా ఉన్నప్పుడు జాకొపో దె బార్బరి అను ఇటలీ చిత్రకారుడు కొలతల ప్రకారము గీసిన స్త్రీపురుష రూపములను అతనికి చూపినాడు. ఆ కొలతల రహస్యము మాత్రము విడమరచి చెప్పలేదు. అప్పుడు తనకు ఒక క్రొత్త రాజ్యము లభించుటకంటె ఆ రహస్యము తెలియుటయే మేలని తోచినట్లు డ్యూరర్ పిమ్మట వ్రాసికొన్నాడు. చెప్పువారు లేకపోగా, ప్రాచీన రోమన్ వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ గ్రంథమును చదివి, స్త్రీలను, పురుషులను, పిల్లలను కొలిచి, ఏండ్ల తరబడి పరిశోధించినాడు. ఆ పరిశోధనయే మానవదేహ ప్రమాణములపై నాలుగు భాగముల గ్రంథమైనది. 1528 ఏప్రిల్ 6వ తేదీన అతడు మరణించిన కొద్దినెలలకు అది ప్రకటింపబడినది.

ఇంత కృషి చేసిన మనిషికి బాల్యమునాటి బొమ్మలో లోపములు కనబడలేదని అనుకొనుట ఎట్లు? మణికట్టునకు, అరచేతికి, వ్రేలికి నిష్పత్తి ఎంత ఉండవలెనో లెక్కకట్టినవాడు ఆ చాచిన వ్రేలిని చూచినప్పుడు తప్పక గుర్తించి ఉండును. అయినను అతడు ఆ కాగితమును చించివేయలేదు. లోపములకు సమాధానము చెప్పుకొనలేదు. ఎంత చిన్ననాడే ఎంత చక్కగా గీసితినో చూడుడని చాటుకొనను లేదు.

ఇచ్చట కొందరు నాతో ఏకీభవింపకపోవచ్చును. పిల్లవాడననుటలోనే గర్వమున్నది గదా అని వారు అడుగవచ్చును. పదమూడేండ్లకే ఇది చేసితిననుట గొప్ప చెప్పుకొనుటయే గదా? మరికొందరు దానినే వినయముగా తీసికొందురు: పిల్లవాని పని, క్షమింపుడు అన్నట్లు. రెండును పొసగునవే. డ్యూరర్ తన శక్తి ఎరుగనివాడు కాడు. తన పేరులోని రెండు మాటల మొదటి అక్షరములను ముద్రగా మలచి తన పనిపై వేసినవాడు. కాని అతడు ఇతర కాగితములపై వ్రాసిన మాటలను ప్రక్కన పెట్టి చూచినచో, గర్వవినయములు రెండింటికంటె వేరైన భావమొకటి బయటపడుచున్నది.

1514 మార్చి నెలలో అతడు తన తల్లి బార్బరా ముఖమును బొగ్గుతో గీసినాడు. ఆ చిత్రము బెర్లిన్‌లో ఉన్నది. అరువదిమూడేండ్ల వృద్ధురాలు, ఎముకలు తేలిన ముఖము, ముడుతలుపడిన నుదురు, లోతుకుపోయిన చెక్కిళ్ళు. పదునెనమండుగురిని కన్న తల్లి. ఇది తన తల్లి అనియు, ఆమె వయస్సు ఇంత అనియు ఆ కాగితముపై బొగ్గుతోనే వ్రాసినాడు. రెండు నెలలు గడువకముందే ఆమె మరణించినది. అప్పుడు అదే కాగితము తిరిగి తీసికొని, మొదటి వాక్యము క్రింద సిరాతో ఆమె మరణించిన దినమును, వేళను చేర్చినాడు. దుఃఖమును గూర్చి ఆ కాగితముపై ఒక్క మాటయు లేదు. వేళ మాత్రమే ఉన్నది. చదువువారికి అదియే చాలును.

మరుసటి ఏట, 1515లో, ఇటలీ నుండి ఒక చిత్రము అతనికి వచ్చినది. ఎర్రసుద్దతో గీసిన ఇద్దరు నగ్నపురుషుల రూపములవి. దానిమీద డ్యూరర్, ఇది పోపుగారి గౌరవము పొందిన ఉర్బీనో వాస్తవ్యుడు రాఫేల్ తన చేతిపనిని చూపుటకై న్యూరెంబర్గ్‌లోని డ్యూరర్‌కు పంపినదని వ్రాసియుంచినాడు. ఆ చిత్రము రాఫేల్ చేతిదా, శిష్యుని చేతిదా అని నేడు పండితులు తర్కించుచున్నారు. కాని ఎవరు, ఎవరికి, ఏ సంవత్సరము, ఎందుకు పంపినారు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము ఆ కాగితముపైననే ఉన్నది. ఇదియును ఆల్బర్టీనాలోనే భద్రమై ఉన్నది.

తల్లి చిత్రముపై, రాఫేల్ చిత్రముపై, తన బాల్యచిత్రముపై వ్రాసిన మాటలు మూడును ఒక్క తీరుగానే ఉన్నవి. ఎవరి రూపము, ఎవరి చేయి, ఏ ఏడు, ఏ స్థితి? ఇవి తీర్పులు కావు, వాఙ్మూలములు. న్యాయస్థానములో సాక్షి తాను చూచినది చెప్పి దిగిపోయినట్లు, డ్యూరర్ తన బాల్యమును గూర్చి సాక్ష్యమిచ్చి తప్పుకొన్నాడు. పిల్లవాడననుట ఆ సాక్ష్యములో ఒక భాగము. పేరు వంటిది, సంవత్సరము వంటిది.

ఇట్లనుటకు మరియొక ఆధారము కలదు. డ్యూరర్‌ను ఎరిగిన మెలాంక్తన్ అను పండితుడు, అతని మరణానంతరము వ్రాసిన ఒక లేఖలో, వృద్ధాప్యము సమీపించునాటికి అతడు చెప్పిన మాట నొకదానిని జ్ఞాపకము చేసికొన్నాడు. యౌవనములో రంగురంగుల, ఆడంబరపు చిత్రములు తనకు ప్రీతి కలిగించినవనియు, వయస్సు మీరిన కొలది ప్రకృతిలోని సరళతయే కళకు పరమభూషణమని తెలిసినదనియు, ఆ సరళత తనకు అందకపోవుటచే ఇప్పుడు తన చిత్రములను చూచి నిట్టూర్చుచున్నాననియు అతడు చెప్పెనట. అంటే తాను వేసినదానికి తీర్పు చెప్పుట డ్యూరర్‌కు తెలియనిది కాదు. పెద్దవాడై వేసినదానిని చూచి నిట్టూర్చినాడు. పిల్లవాడుగా గీసినదానిపై మాత్రము ఆ నిట్టూర్పు లేదు. తెలిసి చేసినదానికి జవాబుదారి కావలెను గాని, నేర్చుకొనునాటి దానికి తేదీ ఉండిన చాలునని అతడు భావించినట్లు నాకు తోచుచున్నది.

ఆ తేదీ లేకపోయినచో ఏమి జరిగియుండును? దానికి ఉదాహరణము ఆ ఇంటనే ఉన్నది. అదే వెండి గంటముతో, ఇంచుమించు అదే కాలమున గీయబడిన డ్యూరర్ తండ్రి చిత్రము కూడ ఆల్బర్టీనాలో ఉన్నది. చేతిలో ఒక చిన్న ప్రతిమను పట్టుకొన్న స్వర్ణకారుని రూపమది. దానిని కుమారుడు గీసెనని కొందరు, తండ్రియే అద్దములో చూచి గీసికొనెనని మరికొందరు వాదించినారు. దానిపై కుమారుని సాక్ష్యవాక్యము లేదు. ఒక్క వాక్యము లోపించుటచేత, తండ్రీకొడుకులలో ఎవరి చేయియో తేల్చుటకు తరములుగా పండితులు శ్రమపడుచున్నారు. బాలుని బొమ్మ విషయములో ఆ శ్రమ లేకుండ చేసినది ఆ మూలనున్న కొద్దిమాటలే.

మరియొక కాగితము లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. చేతిపై డేగను నిలుపుకొన్న స్త్రీరూపమది. ఇదియు పాతదే, డ్యూరర్ వోల్గెముట్ ఇంటికి పోకముందు తనకు గీసియిచ్చినాడు అని దానిమీద మరియొకరెవరో వ్రాసి, ఆ సమయమున ఉన్న సాక్షి పేరు కూడ చేర్చినారు. ఆ వ్రాసినవారు పండితులు కారు; బొమ్మను దాచుకొన్నవారు. డ్యూరర్ బాల్యమును గూర్చి నేడు మనము నమ్మకముతో మాటలాడగలుగుటకు వారికిని కొంత ఋణపడియున్నాము.

ఈ సంగతులు చదువునప్పుడు నాకు మన ఇండ్లు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. మన దేవాలయములలో గోడలమీద, స్తంభములమీద ఎంతటి రూపరచన ఉన్నది! చెక్కినవాని పేరు అడిగిన, పెక్కు చోట్ల జవాబు లేదు. ఇంటిలో పిల్లవాడు గీసిన బొమ్మ నాలుగు దినములు గోడకు వ్రేలాడి, తరువాత పచారి సామాను పొట్లమగుచున్నది. దాచుకొన్నవారును వెనుకవైపున పేరు, తేదీ వ్రాయరు. నోటిమాట గాలిలో పోవు వృత్తిలో ఉన్నవాడను గనుక, వ్రాసియుంచనిది ఎంత త్వరగా మాయమగునో నేను కొంత ఎరుగుదును.

ప్రతి పిల్లవాడును డ్యూరర్ కాడు, కానక్కరలేదు. కాని ఏ పిల్లవాడు ఏమగునో గీయునాడు ఎవ్వరికిని తెలియదు. 1484లో ఆ స్వర్ణకారునికి కూడ తెలియదు. బంగారుపని నేర్చుకొనుటకు కూర్చున్న పిల్లవాడు అద్దము ముందు కూర్చున్నందుకు కోపించి ఆయన ఆ కాగితమును కుంపటిలో వేసియుండవచ్చును. వేయలేదు. అది ఆ ఇంట నిలిచినది. ఏండ్లు గడచిన పిమ్మట ఆ పిల్లవాడు పెద్దవాడై, దానిని తీసి చూచి, తన పేరు, సంవత్సరము, తన నాటి వయస్సు వ్రాసి మరల భద్రపరచినాడు. మన ఇండ్లలోను అటువంటి కాగితములు ఉండియుండును. వాటి వెనుక పేరు, తేదీ వ్రాయుటకు ఒక్క నిముషము చాలును.